ఐదుకు ఐదు

జూలై 9, బుధవారం

హిందూపురం పోయి వచ్చాను, బస్సులో. రైలు పాసు చేతిలో ఉండగా బస్సెందుకని ఇంట్లో సుధ అడిగింది. క్లినిక్కు బస్టాండుకు దగ్గర అన్నాను. రైల్వే స్టేషనుకు కూడా దగ్గరే. అయినా బస్సే నయం.

కౌన్సిలర్ పేరు సుచిత్ర. నలభై లోపే ఉంటుంది. మడకశిర మనిషి, తెలుగు మాట్లాడుతుంటే వెనకాల కన్నడం వినిపిస్తుంది. మందులు రాయదట. మాట్లాడించడమే ఆమె వైద్యం. గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల. నేను కూర్చున్న కుర్చీ వెనక గోడకు గడియారం.

జరిగింది చెప్పమంది. పై అధికారులకు రాసిచ్చినట్టే చెప్పాను. మార్చి నెల, తెల్లవారుతుండగా, సిమెంటు గూడ్సు. పెనుకొండ దాటాక మలుపు తిరగ్గానే పట్టాల మధ్య ఒక మనిషి. హారన్ కొట్టాను. ఎమర్జెన్సీ బ్రేకు వేశాను. అంత బరువున్న బండి వేసిన చోట ఆగదు. ఆగాక నా అసిస్టెంటు దినేష్ దిగి వెనక్కి నడిచి వెళ్లి, వచ్చి, తల అడ్డంగా ఊపాడు. స్టేషనుకు చెప్పాం. పోలీసులు వచ్చారు. మళ్లీ బండి కదిలించాను. ఇన్నేళ్ల సర్వీసులో అలాంటివి అంతకుముందు కూడా జరిగాయి. అప్పుడు నాకేం కాలేదు.

మే నెలది కూడా చెప్పాను. అదే మలుపు. పట్టాల మీద ఎవరూ లేరు. నేను బ్రేకు వేసేశాను. ఏమైందన్నా అని దినేష్ అడిగితే మనిషి అన్నాను. మనిషి లేడు. మా వెనక వచ్చే బండ్లన్నీ నిలిచిపోయాయి. అప్పటి నుంచి నన్ను ఇంజనెక్కనివ్వడం లేదు. ధర్మవరం స్టేషన్లో, రైలు నడిపేవాళ్లు డ్యూటీకి హాజరు వేసుకునే లాబీలో కుర్చీ వేశారు. డ్యూటీకి వచ్చే లోకో పైలట్లు తాగారో లేదో చూడడానికి ఒక మిషన్‌లోకి ఊపిరి ఊదిస్తారు. ఆ మిషన్ దగ్గర కూర్చోవడం నా పని.

ఇక్కడికి వచ్చి ఏం సాధించాలనుకుంటున్నారని అడిగింది. మళ్లీ బండెక్కాలి అన్నాను. రాసుకుంది.

చివర్లో ఒక కాగితం ఇచ్చింది. బెంగళూరులో ఏదో కాలేజీ వాళ్ల పరిశోధన. కౌన్సిలరుకూ ఆమె దగ్గరికి వచ్చే మనిషికీ మధ్య పొత్తు ఎంత కుదిరిందో కొలుస్తారట. పేజీ నిండా వాక్యాలు. ఆమె నన్ను అర్థం చేసుకుంటోంది, మా ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంది, ఇలాంటివి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయాలి. ఒకటంటే అసలు లేదని, ఐదంటే పూర్తిగా అని. ఆమె కూడా అలాంటిదే ఒకటి నింపుతుంది. ఎవరిది వాళ్లు కవరులో పెట్టి అంటించాలి. నేను ఒప్పుకుని సంతకం పెట్టాను. నేను నింపుతుంటే ఆమె బయటికి వెళ్లిపోయింది.

అన్నిటికీ ఐదు వేశాను. మొదటి రోజే మనిషిని తక్కువ చేయడమెందుకు. పైగా ఆ కాగితం ఎటు తిరిగి మా ఆఫీసులో ఎవరి బల్ల మీదికి వస్తుందో చెప్పలేం.

రోజూ కాస్త రాయమంది. తనకు చూపించక్కర్లేదట.

జూలై 10

బాగా నిద్రపోయాను.

జూలై 11

లాబీ. రాయడానికేం లేదు. దినేష్ ఇప్పుడు వేరే పైలట్‌తో పోతున్నాడు. మిషన్‌లో ఊదేటప్పుడు నన్ను చూసి నవ్వాడు. నేను కూడా నవ్వాను.

జూలై 13, ఆదివారం

సుధ చీరలు చూడడానికి తాడిమర్రి నుంచి ఎవరో ఆడవాళ్లు వచ్చారు. మా బావమరిది మగ్గం మీద నేసిన పట్టు చీరలు సుధ ఇంట్లోనే పెట్టి అమ్ముతుంది. ఆదివారం పూట మీ ఆయన ఇంట్లోనే ఉన్నాడే అని వాళ్లలో ఒకామె అడిగింది. కొంచెం రెస్టు ఇచ్చారు, వచ్చే నెల మళ్లీ బండెక్కుతాడని సుధ చెప్పింది. లోపలి గదిలోంచి విన్నాను.

అవును. వచ్చే నెల.

జూలై 16, బుధవారం

రెండోసారి. పోయిన వారం ఎలా ఉన్నారంది. బాగున్నానన్నాను. నిద్ర? బాగుంది. ఆకలి? బాగుంది.

తప్పు నాది కాదని నాకు తెలుసు కదా అని అడిగింది. తెలుసు మేడమ్ అన్నాను. తెలియకపోవడమేముంది. మా లాబీ ఇన్‌చార్జి ఈరప్ప సారు చెప్పాడు. పోలీసులు చెప్పారు. సుధ చెప్పింది. మా అమ్మాయి చందన బళ్లారి హాస్టల్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. కిరాణా కొట్టు అతను కూడా చెప్పాడు.

నేను మార్చి గురించి చెబుతుండగా ఆమె చూపు ఒకసారి నా తల మీదుగా గోడకు పోయింది. గడియారం చూసింది. పాపం బయట ఇంకా ఎవరో కూర్చుని ఉన్నారు. నాకేం అనిపించలేదు.

ఊపిరి మెల్లగా పీల్చి వదలడం నేర్పించింది. లాబీలో రోజూ ఊపిర్లతోనే నా పని. ఈ మాట ఆమెతో అంటే నవ్వేదేమో. అనలేదు.

కాగితం. ఐదు, ఐదు, ఐదు.

జూలై 23, బుధవారం

ఈసారి ఒక పద్ధతి చెప్పింది. మెట్టు మెట్టుగా పోవాలట. ముందు ప్లాట్‌ఫారం చివర నిలబడి గూడ్సు బండ్లు పోతుంటే చూడాలి. తర్వాత నిలబడి ఉన్న ఇంజన్‌లో కూర్చోవాలి. తర్వాత పైలట్ పక్కన కూర్చుని కొంత దూరం. అలా కడకు నా సీట్లోకి. సరేనా అని ప్రతి మెట్టుకూ ఆగి అడిగింది. ప్రతి మెట్టుకూ సరే అన్నాను. మంచి పద్ధతి. చదువుకున్న మనిషి.

ఐదు.

జూలై 26

ప్లాట్‌ఫారం చివర నిలబడడం అయింది. అయినట్టే. లాబీ ఉన్నది స్టేషన్లోనే కదా, రోజంతా బండ్లు పోతూనే ఉంటాయి.

జూలై 28

సుధ నన్నడగకుండా నా యూనిఫాం ఉతికి ఇస్త్రీకి ఇచ్చింది. తెచ్చి తలుపు వెనక తగిలించింది. ఇస్త్రీ బాగా చేశాడు.

ఆకలి లేదు. ఎండకు.

జూలై 30, బుధవారం

ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారా అంటే నిలబడ్డానన్నాను. ఎలా ఉందంటే బాగుందన్నాను. మన మధ్య సరిగా సాగనిది ఏదైనా ఉందా, తను చేసేదాంట్లో మీకు నచ్చనిది ఏదైనా ఉందా అని అడిగింది. అన్నీ బాగున్నాయి మేడమ్ అన్నాను. ఆమె ముఖం అలసిపోయి ఉంది. వారంలో మూడు ఊళ్లు తిరుగుతుందట, ఇక్కడ, పెనుకొండలో, మా ధర్మవరంలో. ధర్మవరంలోనే చూపించుకోవచ్చు కదా అని మొదట్లో అడిగింది. మా ఊళ్లో ఆ గది ముందు కూర్చుంటే సాయంత్రానికి లాబీ అంతా తెలిసిపోతుందని చెప్పాను. అదొక్కటే ఆమెకు నేను నిజం చెప్పింది.

పై వాక్యం ఎందుకు రాశానో. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఆగస్టు 6, బుధవారం

ఒళ్లు మండుతోంది. రేపు రాస్తాను.

ఆగస్టు 7

బెంగళూరు వాళ్లు రెండో భాగం మొదలుపెట్టారట. ఇంతవరకు మేమిద్దరం నింపిన కాగితాలు వెనక్కి పంపి, కలిసి చూసుకుని మాట్లాడుకోమన్నారట. చూద్దామా, మీకిష్టమేనా అని అడిగింది. నాదాంట్లో దాచేదేముంది, చూద్దామన్నాను.

బల్ల మీద పక్కపక్కన పరిచింది. నావి పై నుంచి కింది దాకా ఐదులే, గీత గీసినట్టు. ఆమెవి చూశాను. రెండు. రెండు. మూడు. రెండు. ప్రతి వారమూ అంతే.

“నమ్మకం కుదిరిందన్న దానికి రెండేసినారే మేడమ్,” అన్నాను.

“అవునండి.”

“నేనేం తక్కువ చేసినా? చెప్పిన టయానికి వస్తాండా. చెప్పినవన్నీ చేస్తాండా.”

“వస్తాండారు నాగరాజుగారూ. అయితే మీరు ఈడికొచ్చి ఆఫీసరు ముందర కూచున్నట్ల కూచుంటారు. నేనేమన్నా సరే మేడమ్ అంటారు. మీ మనసులో ఏముండాదో నాకు తెల్దు. తెలిసినట్ల ఐదెట్ల ఏసుకునేది?”

ఒక వాక్యం మీద వేలు పెట్టింది. ఏం సాధించడానికి కలుస్తున్నామో దాంట్లో ఇద్దరిదీ ఒకే మాట, అనే వాక్యం. నాది ఐదు. ఆమెది ఒకటి.

“దీనికి ఒకటెందుకేసినానో నాకే సరిగ్గా చెప్పను రాదు. బండెక్కల్ల అని మీరన్నప్పుడల్లా ఎవరో రాసిచ్చింది చదివినట్ల ఉంటాది,” అంది.

నాకు పని ఉందని లేచాను. కొత్త కాగితం నింపలేదు.

ఒకటట. ఎండనపడి బస్సెక్కి, లాబీలో సెలవు అడుక్కుని పోయి కూర్చుంటే ఒకటి. నేను ఆమెకు ఐదులు వేశాను. నేను ఆమె గడియారం చూడడం చూశాను, అయినా ఐదు వేశాను.

ఆగస్టు 8

సుధ ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను.

ఆగస్టు 9

నా మాట నేను చదివి వినిపించానట. ఎవరు రాసిచ్చారట?

ఆగస్టు 13, బుధవారం

హిందూపురం పోలేదు. పోలేదని సుధకు చెప్పలేదు. పొద్దున మామూలుగా తయారై బస్సెక్కాను. పెనుకొండలో బస్సు ఆగితే దిగేశాను. దిగుతానని ఎక్కేటప్పుడు అనుకోలేదు.

ఒక హోటల్లో టీ తాగాను. కొండ నీడ పడేచోట ఒక అరుగు మీద కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఎండ పెరిగింది. కోట గోడల మీద కోతులు. ఇంటికి పోతే సుధ అడుగుతుంది, క్లినిక్కు పోతే ఆమె అడుగుతుంది. అందుకే అక్కడే కూర్చున్నాను.

స్టేషను వైపు నుంచి గూడ్సు హారన్ వినిపించింది. దక్షిణంగా పోతోంది. మలుపు వస్తోంది కాబట్టి మళ్లీ కొడతాడు అనుకున్నాను. కొట్టాడు. ఆ బండిలో నేను లేను. అది తట్టగానే ఒళ్లంతా తేలికైపోయింది. నాకు ఏడుపు వచ్చింది. చేత్తో ముఖం తుడుచుకుని ఇంకో టీ చెప్పాను.

ఎండ దెబ్బ అయి ఉంటుంది.

ఆగస్టు 14

ఈరప్ప సారు పిలిచాడు. సెప్టెంబర్ రెండున రైల్వే ఆసుపత్రిలో మెడికల్ బోర్డట. వాళ్లు ఫిట్ అంటే మర్నాడే బండి. పైలట్లు చాలక కుర్రాళ్లు రెస్టు లేకుండా పోతున్నారు, నువ్వొస్తే నాకు ఒక చెయ్యి ఆసరా అన్నాడు. మంచి మనిషి. మే నెలలో నా మీద రిపోర్టు పోకుండా చాలా తంటాలు పడ్డాడు. సరే సార్ అన్నాను.

బయటికి వచ్చి వాంతి చేసుకున్నాను.

ఆగస్టు 17, ఆదివారం

సుచిత్ర మేడమ్ ఫోన్ చేసింది. పోయిన వారం రాలేదు, బాగున్నారా అని. బాగున్నానన్నాను. కోపమొచ్చిందా అని అడిగింది. లేదు మేడమ్ అనబోయాను. వచ్చింది అని నోట్లోంచి పడింది.

మంచిదండి, ఆ కోపాన్ని ఇక్కడికి తీసుకురండి, విందాం అంది.

ఆగస్టు 20, బుధవారం

పోయాను. ఏం జరిగిందో జరిగినట్టు రాయాలి. మళ్లీ మరిచిపోతాను, లేదా వేరేలా గుర్తుపెట్టుకుంటాను.

మొదట గడియారం సంగతి చెప్పాను. నేను ఆ మనిషి గురించి చెబుతుంటే మీరు టైము చూశారు అన్నాను. అది పోయిన నెల మాట. మగవాణ్నై ఉండి అంత చిన్న విషయం పట్టుకుని చెబుతున్నందుకు సిగ్గేసింది. ఆమె సర్దిచెప్పలేదు. చూశాను, చూడకుండా ఉండాల్సింది అంది. ఆ రోజు పొద్దున్నుంచి తను మనుషుల్ని చూస్తూనే ఉందని, నేను చెప్పేది మోయడానికి ఆ గంటలో తనకు ఓపిక లేకపోయిందని చెప్పింది. లేచి గడియారం తీసి బల్ల సొరుగులో పెట్టబోతే వద్దన్నాను. మీకు టైము తెలియకపోతే బయటున్నవాళ్లు ఏం కావాలి అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ గదిలో నవ్వడం అదే మొదలు.

తర్వాత, తప్పు నీది కాదన్న మాట వినీ వినీ చెవులు వాచిపోయాయని చెప్పాను. అది నాకు తెలుసు. నన్ను పట్టుకున్నది అది కాదు. అది కాకపోతే ఏమిటి అని అడిగింది. తెలియదన్నాను. ప్లాట్‌ఫారం మీద నిలబడలేదని కూడా చెప్పాను. ఆమె తల ఊపింది, అంతే.

మన అంకెలు పడిపోతే మీకు నష్టమా అని అడిగాను. నవ్వింది. ఈ పరిశోధన ఇంకో ఏడాది సాగేదీ లేనిదీ తనకే తెలియదట, అంకెలు బాగుంటే అందరికీ బాగుండేదట. “అయినా మీ ఐదులు చూసినప్పుడంతా నాకు భయమయ్యేది,” అంది. “ఆ రెండు మీకేసిన మార్కు కాదు నాగరాజుగారూ. మనిద్దరి పనికేసినది. దాంట్లో నాదీ సగముండాది. మొదటి దినం మీరు బండెక్కల్ల అన్నారు. మీరట్లనంగానే నేను బిన్నా రాసేసుకుంటిని. ఇంకొకసారి అడగల్సింది.”

తర్వాత అడిగింది. “ఇప్పుడడుగుతాండా. ఈడికొచ్చి మీకేం కావల్ల?”

బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి కొడుతూనే ఉన్నారు. అది స్టార్ట్ అయి పోయింది. ఆమె గోడ వైపు చూడలేదు.

“నాకు బండెక్కల్లని లేదు మేడమ్,” అన్నాను.

అన్నాక ఆగలేదు. మళ్లీ ఎప్పటికీ ఎక్కను అన్నాను. భయం కాదు, భయమైతే పోగొట్టుకోవచ్చు. పట్టాల మీద దూరంగా ఏది కనిపించినా, సంచి కనిపించినా, మేక కనిపించినా, అది మనిషి అవుతుందేమోనని చూస్తూ ఇంకో పదిహేనేళ్లు కూర్చోలేను. నా వల్ల కాదు. ఈ మాట నేను నాతో కూడా అనుకోలేదు. మా ఇంట్లో లోకో పైలట్ అంటే నేను. మా నాయన నల్లమాడ దగ్గర శనగచేను నమ్ముకుని బతికి, నేను ఇంజన్‌లో కూర్చున్న ఫొటోను ఊరంతా చూపించినవాడు. నెలనెలా వచ్చే జీతంలో సగం దాకా బండి నడిపితే వచ్చేదే. సుధ యూనిఫాం ఉతికి తగిలించింది. ఇదంతా చెప్పాను.

ఆమె ఏమీ రాసుకోలేదు.

కాగితం ఇచ్చి బయటికి పోబోతే ఇక్కడే ఉండండి అన్నాను. మొదటిసారి ప్రతి వాక్యం చదివాను. కొన్నిటికి మూడు వేశాను. ఒకదానికి రెండు. ఎంతసేపు పట్టిందో, బల్లకు అటువైపు ఆమె కూడా తనది నింపుతూ కూర్చుంది. ఇద్దరం పరీక్ష రాస్తున్నట్టు. ఆమె ఎన్ని వేసిందో నేను చూడలేదు.

ఆగస్టు 21

సుధకు చెప్పాలి.

ఆగస్టు 22

తాడిమర్రి వాళ్లు మళ్లీ వచ్చారు. ఇల్లంతా చీరలు. చెప్పడానికి కుదరలేదు.

ఆగస్టు 23

కుదరలేదు.

ఆగస్టు 24, ఆదివారం

చెప్పాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక. బండెక్కను, బోర్డులో అదే చెబుతాను, స్టేషన్లో ఏదైనా ఉద్యోగం ఇస్తారు, జీతం తగ్గుతుంది అన్నాను. చందన చదువుకు ఇబ్బంది రానివ్వనని కూడా అన్నాను. జీతం గురించి అరుస్తుందని సిద్ధపడి ఉన్నాను.

సుధ ఎంగిలి కంచాలు తీస్తూ ఆగింది.

“ఈ మాట ఆయమ్మకు చెప్పినావా?”

“చెప్పినా.”

“ఎప్పుడు?”

“బుధవారం.”

“నాకెందుకు చెప్పలా?” అంది. “మార్చి నుంచి నీ పక్కన నేనుండా. నువ్వు నిద్రలో కాలితో బ్రేకు తొక్కినట్ల తొక్కుతాంటే నేను చూస్తాండా. ఏమైందంటే ఏమీ లే అంటావు. నిద్ర పట్టిందా అంటే బాగా పట్టింది అంటావు. వారానికొకతూరి కనపడే ఆమెకు చెప్పినావు. నేనేమి, తలుపు వెనక తగిలించిన చొక్కానా?”

మిగిలిన కంచం నేను తీసి లోపల పెట్టాను. సుచిత్ర మేడమ్‌కు చెప్పడం తేలికగా అయింది, ఎందుకంటే ఆమె ఇస్త్రీ చేయించిన యూనిఫాం కాదు అది. ఆమె ఎవరికీ వచ్చే నెల ఎక్కుతాడని చెప్పలేదు. ఈ మాట సుధతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్టు 25

మాట్లాడడం లేదు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. క్లినిక్కు సెలవు. సుధ ఉండ్రాళ్లు చేసింది, పూజ చేసింది, నాకు ప్రసాదం పెట్టింది. మాట్లాడలేదు. చందన ఫోన్ చేస్తే ఫోన్ నాకిచ్చి అవతలి గదిలోకి పోయింది. ఏం నాయనా అంత డల్‌గా ఉన్నావని చందన అడిగింది. ఏమీ లేదు అనబోయి ఆగాను. మీ అమ్మకు నా మీద కోపం, తప్పు నాదే అన్నాను. చందన నవ్వింది.

ఆగస్టు 30

యూనిఫాం తలుపు వెనక లేదు. ఎక్కడ పెట్టిందో అడగలేదు.

సెప్టెంబర్ 2, మంగళవారం

మెడికల్ బోర్డు. ముగ్గురు డాక్టర్లు. కళ్లు చూశారు, చెవులు చూశారు, బీపీ చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పెద్దాయన కాగితాలు తిప్పుతూ, కౌన్సెలింగ్ అయిందట కదా, మరి నడపగలవా అని అడిగాడు. సరే సార్ అనే అలవాటు నాలుక మీదికి వచ్చింది. మింగేశాను. నడపలేను సార్, మళ్లీ లేని మనిషికి బ్రేకు వేస్తాను, లేదంటే ఉన్న మనిషికి వేయను, రెండిట్లో ఏదో ఒకటి జరుగుతుంది అన్నాను. ఆయన నేను అన్నది రాసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు.

సెప్టెంబర్ 3, బుధవారం

హిందూపురం. బోర్డులో అన్న మాట సుచిత్ర మేడమ్‌కు చెప్పాను. సుధ సంగతి కూడా చెప్పాను. ఆమెకు కోపం రావడం న్యాయమే అంది. ఏం చేయమంటారు అంటే, చేసేది తను చెప్పలేనంది. ఆ మాటకు విసుగొచ్చింది. వచ్చిందని చెప్పాను. సరే అని ఇద్దరం కూర్చుని దాని గురించే మాట్లాడాం. తేలిందేమీ లేదు. అయినా వచ్చేటప్పుడు బరువుగా అనిపించలేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఆర్డరు వచ్చింది. బండి నడపడానికి పనికిరాడు, స్టేషన్ పనికి పనికొస్తాడు. పెనుకొండ స్టేషన్, టిక్కెట్ల కౌంటరు. వచ్చే సోమవారం చేరాలి. ఈరప్ప సారు కాగితం ఇస్తూ, అయిపాయె కదప్పా అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఇంటికి వచ్చి కాగితం సుధ ముందు పెట్టాను. చదివింది. మడిచి దేవుడి గూట్లో పెట్టింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంట్లో ఉక్క భరించలేక మేడ మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి సుధ వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది. చేతిలో ఒక చీర కుచ్చులు, ముడులు వేస్తోంది. ఇరవై రోజుల తర్వాత తనంతట తను పలికింది.

“నాకూ చెప్పు. ఆయమ్మకు చెప్పినట్ల. మొదట్నుంచి.”

మొదలుపెట్టాను. సుచిత్ర మేడమ్ వినేలాగా ఏమీ వినలేదు సుధ. ప్రతి మాటకూ అడ్డం పడింది. ఆ రోజు తిని బయలుదేరావా అంది. తినకుండా ఎందుకు పోయావంది. నేను పెట్టిన క్యారియర్ ఏమైందంది. దినేష్ దిగి పోతే నువ్వెందుకు దిగలేదంది. దిగకూడదు, బండిని వదిలి రాకూడదు అంటే, అదేం రూలని రూలు పెట్టినవాళ్లను తిట్టింది. రెండుసార్లు కుచ్చు ముడి తప్పి విప్పుకుంది. బండి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఏడుస్తోంది, నేను ఇంకా ఏమీ చెప్పకముందే.

మనిషి కనిపించాడు, హారన్ కొట్టాను, బ్రేకు వేశాను అన్నాను. అందరికీ చెప్పింది అంతవరకే. తర్వాత బండి ఆగింది అని చెబుతాను. సుధ అక్కడ ఆపింది.

“ఆయప్ప నిన్ను చూసినాడా?”

ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. అధికారులు అడగలేదు. సుచిత్ర మేడమ్ కూడా అడగలేదు. నేను ఈ డైరీలో కూడా రాయలేదు.

“చూసినాడు,” అన్నాను. “ఇంజన్ లైటు మొగం మీద పడింది. చెయ్యి ఇట్ల కండ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ఎవరొస్తాండారో అని చూసినట్ల.”

చెయ్యి పెట్టి చూపించాను. పెట్టిన చెయ్యి దించలేకపోయాను. సుధ పై మెట్టు మీదికి వచ్చి నా చెయ్యి పట్టుకుని దించింది. చాలాసేపు పట్టుకునే ఉంది. తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. నాకోసమేమో అనుకున్నాను. తనే తాగింది, సగం చీర మీద పోసుకుంటూ. చెంబు పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, నా పక్కనే సర్దుకుని కూర్చుంది.

“మల్ల?” అంది.